కూరగాయలు, పండ్లు ఎందుకు చెడిపోతున్నాయి? ఏం చేయాలి?

ఎండాకాలంలో నల్లగొండ అంగడి నుంచి సంచి నింపుకొని ఇంటికి చేరేసరికే ఆకుకూర సగం వాడిపోతుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే మూడో రోజుకు కుళ్లుతుంది. "ఈసారి మంచివి దొరకలేదు" అని సరిపెట్టుకుంటాం. ఏదైనా పాడైతే నేను ముందు రెండు చూస్తాను. తడి ఎక్కడుంది? పక్కన ఏముంది?

కవర్‌లో కొత్తిమీర నల్లబడి జిగటగా మారింది

కట్ట ముడి విప్పి చూడండి, కుళ్లు దాదాపు అక్కడే మొదలై ఉంటుంది. వాడిపోకుండా అమ్మేవాళ్లు పొద్దంతా నీళ్లు చల్లుతారు. ఆ తడి ముడి మధ్యలో ఇరుక్కుంటుంది. కవర్‌తోనే ఫ్రిజ్‌లో పెడితే లోపల చెమ్మ పట్టి, ఒక్క కాడ కుళ్లినా కట్టంతా పోతుంది.

ఇంటికి రాగానే ముడి విప్పి పేపర్ మీద పరవండి. పసుపు ఆకులు, నలిగిన కాడలు ఏరేయండి. పైతడి ఆరేదాకా ఫ్యాన్ కింద ఉంచితే చాలు. మే నెలలో పదిహేను నిమిషాలు దాటితే వాడిపోతుంది. వేర్లు కోసి, పొడి నూలు గుడ్డలో చుట్టి, మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కడగడం మాత్రం వండేముందే. గుడ్డ తడిసినప్పుడల్లా మారుస్తుంటే వారం దాటినా నిలుస్తుంది. కల్యామాకుకు, పుంటికూరకు కూడా ఇదే పద్ధతి.

తడి లేకున్నా ఆకు పసుపు రంగుకు తిరుగుతుంటే పక్కన పండిన టమాటాలో మామిడిపండ్లో ఉన్నాయేమో చూడండి. పండే కాయలు ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. అది తగిలితే ఆకు తొందరగా ముదురుతుంది. అలాంటి పండ్లను వేరే చోట పెట్టండి.

ఆలుగడ్డలు మొలకలు వేస్తున్నాయి, పచ్చబడుతున్నాయి

చాలా ఇళ్లలో ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు ఒకే గంపలో ఉంటాయి. వీటికి పడదు. చెమ్మ చేరి ఒకటి మొలకెత్తితే ఇంకొకటి కుళ్లుతుంది. రెండు గంపలు వేరు చేయండి, రెంటికీ గాలి తగలాలి. ఆలుగడ్డకు చీకటి కూడా కావాలి, పైన గోనెసంచి కప్పండి.

వెలుతురు తగిలి పచ్చబడిన చోట సోలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. ఉడికించినా అది పోదు. కొంచెమే పచ్చగా ఉంటే ఆ భాగాన్ని మందంగా చెక్కేయండి. గడ్డంతా పచ్చగా ఉన్నా, చేదు తగిలినా పారేయండి. పోయేది పది రూపాయలు, ఆలోచించకండి. ఫ్రిజ్‌లో పెడితే పిండి చక్కెరగా మారి కూర తియ్యగా అవుతుంది, వేపుడు తొందరగా నల్లబడుతుంది.

నిమ్మకాయలు రాయిలా గట్టిపడ్డాయి

తొక్కలోని నీరు ఆరిపోవడమే కారణం. నకిరేకల్ వైపు నిమ్మ విరివిగా దొరికినప్పుడు కిలోల్లో కొనేస్తాం, బుట్టలో పోసి మర్చిపోతాం. తుడిచి, గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి మెత్తగా ఉంటాయి. ఇప్పటికే గట్టిపడ్డ కాయను పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో వేసి, అరచేతి కింద దొర్లించి కోయండి.

అల్లం ఎల్లిగడ్డ ముద్ద ఆకుపచ్చగా మారింది

టెన్షన్ వద్దు. ఎల్లిగడ్డలోని గంధక పదార్థాల వల్ల ఆ రంగు వస్తుంది, వాసన బాగుంటే వాడుకోవచ్చు. జాగ్రత్త పడాల్సింది వేరే దగ్గర. పైన నూనె పోశాం కదా అని ముద్దను బయట ఉంచకండి. గాలి తగలని చోట పెరిగే ప్రమాదకరమైన బ్యాక్టీరియా ఉంటుంది. ఫ్రిజ్‌లోనే పెట్టి తొందరగా వాడేయండి.

పొద్దున తీసిన బత్తాయి రసం మధ్యాహ్నానికి చేదెక్కింది

బత్తాయి మా జిల్లా పంట, అయినా ఈ పొరపాటు మా ఇంట్లోనే జరిగింది. మా నాయిన ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ ఫ్లాస్కులో రసం పట్టుకెళ్లేవాళ్లం. రెండు గుటకలు తాగి పక్కన పెట్టేవాడు. జ్వరంతో నోరు చేదైందేమో అనుకున్నాం. ఒకరోజు మిగిలిన రసం నేను తాగి చూశాను. నిజంగానే చేదు.

బత్తాయి తొనల పొరల్లో, గింజల్లో చేదు లేని పదార్థం ఒకటి ఉంటుంది. పిండాక రసంలోని పులుపు తగిలి అది మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. మిక్సీలో గింజలతో సహా తిప్పితే చేదు ఇంకా ఎక్కువ. తెల్లపొర ఒలిచి, గింజలు ఏరి, మెల్లగా పిండి, వడకట్టి అప్పటికప్పుడే తాగాలి. రోగి దగ్గరికి వెళ్లేటప్పుడు కాయలే తీసుకెళ్లండి. డాక్టర్ వద్దనకపోతే తొనలు ఒలిచి ఇవ్వండి. ఆ తర్వాత నాయినకు మేం అలాగే ఇచ్చాం, వద్దనకుండా తిన్నాడు.

సీతాఫలం పండకుండానే నల్లబడింది

పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టి ఉంటారు. ఆ చలికి కాయ పండదు, తొక్క నల్లబడుతుంది. కొనేటప్పుడే కండ్లు విచ్చుకొని, వాటి మధ్య గీతలు తెల్లగా, పసుపుగా కనిపించే కాయలు ఏరుకోండి. కండ్లు మూసుకున్న లేతకాయ ఎన్నాళ్లుంచినా సరిగా పండదు. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ రకమైనా అంతే. బియ్యంలోనో, గుడ్డ కప్పిన గంపలోనో ఉంచి, రోజూ వేలితో మెల్లగా నొక్కి చూడండి. మెత్తబడ్డాక ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. పాయసం చేస్తే గుజ్జును పొయ్యి మీద ఉడికించకండి, చేదెక్కుతుంది. పాలు పూర్తిగా చల్లారాక కలపండి.