స్పీకర్‌లో ట్రెబుల్ తగ్గిందా? స్క్రూడ్రైవర్ కాసేపు పక్కన పెట్టండి

మా కుడి స్పీకర్‌లో ట్రెబుల్‌ని, అంటే సన్నటి పైసౌండుని, పలికించే ట్వీటర్ మధ్యలో చిన్న సొట్ట ఉంది. అది నా చేతి చలవే. పాటలో తాళాల చప్పుడు పక్క గదిలోంచి వస్తున్నట్టు ఉంటే, ట్వీటర్ పోయిందని నాకు నేనే తేల్చేసుకుని స్క్రూలు విప్పడానికి కూర్చున్నాను. ట్వీటర్ వెనక ఉండే అయస్కాంతం చూడ్డానికి చిన్నదే గానీ మహా మొండిది. దగ్గరికి రాగానే స్క్రూడ్రైవర్‌ని పక్కకి లాగేసింది. మొన సరిగ్గా ఆ మెత్తటి బుడిపె మీద దిగబడింది. తీరా చూస్తే ట్వీటర్‌కి ఏ రోగమూ లేదు. పెట్టె వెనక వైర్లు బిగించే టెర్మినళ్లని కలిపే ఇత్తడి పట్టీ వదులైంది, అంతే. వేళ్లతో బిగిస్తే సరిపోయేది.

అప్పటినుంచి నా వరుస మారింది. ముందు చెవులు, తర్వాత వైర్లు, స్క్రూడ్రైవర్ అన్నిటికన్నా చివర.

ట్రెబుల్ నిజంగానే తగ్గిందో లేదో తేల్చుకోవడానికి పాట కన్నా మాట మంచిది. వార్తలు చదివే గొంతు ఏదైనా పెట్టి స, శ, ష ఎలా పలుకుతున్నాయో వినండి. ‘స’లో ఉండే ఆ బుస ఎక్కువగా 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. మామూలు రెండు డ్రైవర్ల (బేస్‌కి వూఫర్, ట్రెబుల్‌కి ట్వీటర్) పెట్టెల్లో 2, 3 కిలోహెర్ట్జ్ దాటిన దగ్గర్నుంచి పనంతా ట్వీటర్‌దే. అది పలకకపోతే ‘సరస్సు’ అన్న మాట మూతికి దుప్పటి అడ్డం పెట్టుకుని అన్నట్టు వస్తుంది. ఇంకా అనుమానంగా ఉంటే ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ట్వీటర్ ముందు పెట్టుకోండి. వాల్యూమ్ తక్కువే ఉండాలి సుమా. బాగున్న ట్వీటర్ అయితే ‘త్స్ త్స్’ అంటూ పలచగా వినిపిస్తుంది. రెండు పెట్టెలకీ ఇలాగే చేసి పోల్చుకోండి.

ఒక పక్కే మందంగా ఉందనుకోండి, పని సగం అయిపోయినట్టే. యాంప్ (యాంప్లిఫయర్) ఆపేసి, దాని వెనక కుడి ఎడమ స్పీకర్ వైర్లని ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టండి. అదే పెట్టె ఇంకా మందంగానే ఉంటే లోపం ఆ పెట్టెలోనో దాని వైరులోనో ఉంది. మందం రెండో పెట్టెకి మారితే స్పీకర్లు నిర్దోషులు, దొంగ యాంప్‌లోనో అంతకు ముందో ఉన్నాడు. అప్పుడు ప్లేయర్ నుంచి యాంప్‌కి వచ్చే కేబుళ్లని కూడా అలాగే తారుమారు చేసి చూడండి. యాంప్ ఆపకుండా మాత్రం వైర్లు ముట్టుకోవద్దు. రెండు వైర్ల పోగులు ఒకదానికొకటి తగిలితే ట్రెబుల్ సంగతి తర్వాత, అసలు యాంపే పోవచ్చు.

రెండు పక్కలా ఒకేలా మందంగా ఉంటే నేను స్పీకర్లని చివరికి గానీ అనుమానించను. ట్రెబుల్ నాబ్, ఫోన్‌లో ఎప్పుడో మార్చి మర్చిపోయిన ఈక్వలైజర్, ఇవి ముందు చూడండి. క్యాసెట్ అయితే, డాల్బీ (టేపు బుసని తగ్గించే ఏర్పాటు) లేకుండా రికార్డు చేసిన టేపుని డాల్బీ బటన్ నొక్కి వింటున్నారేమో చూసుకోండి. టేపుని చదివే హెడ్ మీద మురికి పేరుకున్నా ఇదే లక్షణం. రికార్డు ప్లేయర్‌లో అయితే సూది మొనకి దుమ్ము ఉండలా పట్టి ఉండొచ్చు. 128 కిలోబిట్ల ఎంపీ3 ఫైళ్లలో సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా ఏమీ మిగలదు. లేనిదాన్ని ఏ స్పీకరూ పలికించలేదు.

గది సంగతి చాలామంది పట్టించుకోరు. 100 హెర్ట్జ్ బేస్ తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు, 10 కిలోహెర్ట్జ్‌కి 3.4 సెంటీమీటర్లే. బేస్ సోఫాని చుట్టుకుని వచ్చేస్తుంది. ట్రెబుల్ టార్చి వెలుగు లాంటిది, సోఫా చెయ్యి అడ్డొస్తే అక్కడే ఆగిపోతుంది. స్పీకర్లు నేల మీద ఉంటే ట్వీటర్ మీ మోకాళ్లకి పాడుతున్నట్టే. కూర్చున్నప్పుడు చెవి ఎంత ఎత్తులో ఉంటుందో ట్వీటర్‌ని అంత ఎత్తుకి తెచ్చి, పెట్టెలని కాస్త మీ వైపు తిప్పండి. మందపాటి తెరలు, తివాచీ కొత్తగా వచ్చిన గదిలో కూడా పైసౌండు తగ్గినట్టు అనిపిస్తుంది.

ఇక నన్ను నవ్వులపాలు చేసిన ఇత్తడి పట్టీ. కొన్ని పెట్టెల వెనక రెండు టెర్మినళ్లకి బదులు నాలుగు ఉంటాయి. మామూలుగా పై జత ట్వీటర్‌ది, కింది జత వూఫర్‌ది. యాంప్ నుంచి ఒకే జత వైర్లు వస్తాయి కాబట్టి, పై జతకీ కింది జతకీ మధ్య పట్టీలు ఉంటాయి. వైరు కింది జతకి ఉండి, పట్టీ వదులైతే ట్వీటర్‌కి ఏమీ అందదు, లేదా ఉండీ ఉడిగీ అందుతుంది. యాంప్ ఆపి, నట్లు వదులు చేసి, పట్టీ మీద పట్టిన నలుపుని గరుకు గుడ్డతో తుడిచి మళ్లీ గట్టిగా బిగించండి. పట్టీ పోయిందా? స్పీకర్ వైరు ముక్క చాలు, ప్లస్ నుంచి ప్లస్‌కి, మైనస్ నుంచి మైనస్‌కి. కొన్ని పాత పెట్టెల్లో ట్రెబుల్ తగ్గించడానికి, పెంచడానికి ఒక నాబ్ ఉంటుంది. ఏళ్ల తరబడి కదలక లోపల కాంటాక్టులు నల్లబడతాయి. ఆ చివర్నుంచి ఈ చివరకి ఓ ముప్పై సార్లు తిప్పండి. గరగరమంటూ ప్రాణం లేచొస్తే కారణం దొరికినట్టే.

ఇవన్నీ అయ్యాకే పెట్టె విప్పడం. వైర్లు యాంప్ నుంచి పూర్తిగా తీసేయండి. పెట్టెని వెల్లకిలా పడుకోబెట్టండి. ట్వీటర్ మీద ఒక గట్టి మూత బోర్లించి, అప్పుడు స్క్రూలు విప్పండి. ఈ మూత ఆలోచన నాకు సొట్ట పడ్డాక వచ్చింది! ఏ వైరు ఏ కాలుకి ఉందో ఫోటో తీసుకుని, ఒక వైరు ఊడదీసి, ట్వీటర్ కాళ్ల మీదే మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్స్ అని రాసి ఉన్న ట్వీటర్ చాలావరకు 5 నుంచి 7 ఓమ్స్ దాకా చూపిస్తుంది. మీటర్ ఏమీ చూపకపోతే లోపలి కాయిల్ (తీగ చుట్ట) తెగిపోయింది. పెట్టె వెనక టెర్మినళ్ల దగ్గర కొలిచి ‘రీడింగ్ వస్తోంది కదా, ట్వీటర్ బాగానే ఉంది’ అనుకోవద్దు. అక్కడ కనిపించేది వూఫర్. ట్వీటర్ దారిలో కెపాసిటర్ ఉంటుంది, అది మీటర్ పంపే కరెంటుని అడ్డుకుంటుంది. కాయిల్ తెగితే అదే మోడల్ ట్వీటర్ వెతుక్కోవాలి. సైజు సరిపోయింది కదా అని వేరేది బిగిస్తే రెండు పక్కలా ఒకేలా మోగవు.

ట్వీటర్ కొలత బాగుండి, మోత మాత్రం నీరసంగా ఉంటే నా వేలు కెపాసిటర్ వైపే చూపిస్తుంది. సొట్ట పడ్డ రెండేళ్లకి ఎడమ స్పీకర్ నిజంగానే మందగించినప్పుడు దొంగ అదే. బేస్‌ని వూఫర్‌కి, ట్రెబుల్‌ని ట్వీటర్‌కి పంచే క్రాసోవర్ బోర్డు మీద చిటికెన వేలంత గొట్టం, పైన 4.7 మైక్రోఫారడ్, 50 వోల్టులు అని ముద్ర. బయటికి ఉబ్బలేదు, కారలేదు. తీసి కొలిస్తే విలువ కూడా దాదాపు సరిగ్గానే చూపించింది. ఈ ఎలక్ట్రోలైటిక్ రకం ఏళ్లు గడిచేకొద్దీ లోపల ఎండిపోతుంది, లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. అది మామూలు కెపాసిటెన్స్ మీటర్‌కి చిక్కదు, చెవికి చిక్కుతుంది.

కొత్తది అదే మైక్రోఫారడ్ విలువ, అంతే వోల్టేజి లేదా ఎక్కువ, నాన్ పోలార్ రకమే కావాలి. ప్లస్ మైనస్ గుర్తులున్న మామూలు రకం ఇక్కడ పనికిరాదు. ఫిల్మ్ కెపాసిటర్ కూడా వేయొచ్చు. సైజులో పెద్దది, మోత కాస్త పదునుగా రావచ్చు. ఒక పెట్టెలో మారిస్తే రెండో పెట్టెలోనూ మార్చేయండి.

ఇవేవీ కాకపోతే మిగిలేది ఫెర్రోఫ్లూయిడ్. కొన్ని ట్వీటర్లలో కాయిల్ చుట్టూ పోసే నూనె లాంటి ద్రవం, పాతబడితే జిగురులా గట్టిపడి కాయిల్‌ని కదలనివ్వదు. అది తుడిచి కొత్తది పోయడం చెయ్యి తిరిగినవాళ్ల పని.

నా సొట్ట ట్వీటర్ మాత్రం శుభ్రంగా పలుకుతోంది. టేపు అంటించి లాగితే సొట్ట బయటికి వస్తుందంటారు గానీ, పలికేదాన్ని కెలకడం నాకిష్టం లేదు.

పని అయ్యాక చివరి పరీక్షకి మా అమ్మాయిని పిలుస్తాను. వయసుతో పాటు పై ఫ్రీక్వెన్సీలు వినబడటం తగ్గుతుంది. ఫోన్‌లోంచి 14 కిలోహెర్ట్జ్ టోన్ పెడితే నాకు గది నిశ్శబ్దంగా ఉంటుంది, తను చెవులు మూసుకుంటుంది. మీకూ వినబడకపోతే వాల్యూమ్ పెంచకండి. మనకి వినబడని ఆ టోన్‌తోనే ట్వీటర్ కాలిపోగలదు. మొదటిసారి నా చెయ్యి నాబ్ మీదకి వెళ్తుంటే, ‘నాన్నా, మోగుతూనే ఉంది, ఆపు’ అని అరిచింది.