పాత మిల్లులో కళాకారులు: లైప్‌జిగ్ వెళ్తే ముందు ఏం అడగాలి?

ఒకప్పటి సోషలిస్టు దేశాల్లో మూతపడ్డ ఫ్యాక్టరీలు ఆర్ట్ సెంటర్లుగా ఎలా మారాయో ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు చాలామంది గోడల మీద బొమ్మలు, కేఫ్‌లు ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. దయచేసి అలా చేయకండి. ముందు అద్దె సంగతి పట్టుకోండి.

జర్మనీలో చదువుతున్న మనవాళ్లకు లైప్‌జిగ్ దగ్గర. అక్కడి స్పిన్నెరై 1884లో పెట్టిన నూలు మిల్లు. తూర్పు జర్మనీ కాలంలో ప్రభుత్వం చేతిలో ఉండేది, 1990లో రెండు జర్మనీలు కలిశాక మార్కెట్ పోయి కొన్నేళ్లలోనే మూతపడింది. పెద్ద కిటికీలు, ఎత్తైన కప్పులు, చవక అద్దె చూసి చిత్రకారులు వచ్చి చేరారు, పేరున్న జర్మన్ చిత్రకారుడు నియో రౌఖ్ కూడా అలా వచ్చినవాడే. 2001లో ప్రైవేటు యజమానులు కొన్నారు, పేరున్న గ్యాలరీలు 2005లో వచ్చాయి. ఈ వరస నోట్ చేసుకోండి, ఎందుకంటే ప్రభుత్వ పథకమే ఇదంతా చేసిందని రాస్తే తప్పవుతుంది.

తర్వాత ఇదే ఊళ్లోని 'వెఖ్టర్‌హౌస్' గురించి తెలుసుకోండి, అంటే కావలి ఇల్లు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఖాళీగా వదిలేసిన పాత ఇంట్లో కప్పు కారుతుంది, చలికి పైపులు పగులుతాయి, బాగుచేయించడానికి యజమాని దగ్గర డబ్బుండదు. 2004లో పుట్టిన హౌస్‌హాల్టెన్ అనే సంఘం మధ్యలో నిలబడి, అలాంటి ఇళ్లను సాధారణంగా ఐదేళ్లకు కళాకారులకు, చిన్న సంఘాలకు ఇప్పించింది. వాళ్లు అద్దె కట్టరు, కరెంటు, నీళ్ల లాంటి ఖర్చులు పెట్టుకుని ఇంటిని కనిపెట్టుకుని ఉంటారు, ఇల్లు మాత్రం యజమానిదే.

మరి ఆ ఐదేళ్లు అయ్యాక? అడగాల్సింది ఇదే. 1990ల చివర్లో నాలుగున్నర లక్షల లోపుకు పడిపోయిన ఊరి జనాభా ఇప్పుడు ఆరు లక్షలు దాటింది, ఖాళీ ఇళ్లు తగ్గాయి, అద్దెలు పెరిగాయి, ఊరు కోలుకోవడానికి సాయపడ్డవాళ్లకే చోటు కష్టమవుతోంది.

స్పిన్నెరైకి గ్యాలరీలన్నీ ఒకేసారి తలుపులు తెరిచే 'రుండ్‌గాంగ్' రోజున కాకుండా మామూలు రోజు వెళ్లండి, పని చేసుకుంటున్నవాళ్లతో మాట్లాడటానికి వీలవుతుంది. లీజు ఎన్నేళ్లు, అద్దె ఎప్పుడు పెరిగింది, ముందున్నవాళ్లు ఎక్కడికి వెళ్లారు అని అడగండి.

పోల్చి చూడాలంటే ఎస్టోనియాలోని టాలిన్‌లో పాత కాలినిన్ ఫ్యాక్టరీలో ఉన్న తెల్లిస్కివి అనే ఆర్ట్ సెంటర్ ప్రైవేటుది, పోలండ్‌లోని వూచ్‌లో పాత కరెంటు ప్లాంటు ఈసీ1 నగరపాలక సంస్థది, యూరోపియన్ యూనియన్ నిధులతో బాగుచేశారు. రెండు చోట్లా అవే ప్రశ్నలు అడిగి, జవాబులు పక్కపక్కన రాసుకోండి.