పాత గేమ్ మిషన్‌కు ప్రాణం పోయాలంటే ముందు ఐదు వోల్టులు కొలవండి

తిరుపతి కొర్లగుంటలో ఇరవై రెండేళ్లుగా నాకు టీవీ రిపేరు షాపు ఉంది. పిక్చర్ ట్యూబులు పోయాక తోటి మెకానిక్‌లు చాలామంది సెల్‌ఫోన్లకు మళ్లారు. నాకు ట్యూబు పని మీద ఇష్టం పోలేదు. పోయిన వేసవిలో మా అక్క కొడుకు చిత్తూరు నుంచి టాటా ఏస్‌లో ఒక వీడియో గేమ్ మిషన్ దించాడు. మూతపడిన పార్లర్‌ది, పదేళ్లు గోడౌన్‌లో పడి ఉంది.

"మామా, ఇది మళ్లా ఆడతాదా?" అంటూ ప్లగ్గు పెట్టబోయాడు.

"ఆడతాది లేరా, ముందు ఆ ప్లగ్గు వదులు" అని చెయ్యి పట్టుకున్నాను. మీకూ ఇలాంటి మిషన్ దొరికితే అక్కడే ఆగండి. ఏళ్ల తరబడి మూలనున్న దాన్ని నేరుగా కరెంటుకు పెడితే, బాగున్న బోర్డు కూడా కాలిపోవచ్చు.

వెనక తలుపు తీసి టార్చి వేసి చూడండి. మా మిషన్‌లో ఎలుకల గూడు ఉంది, మూడు వైర్ల తొడుగు కొరికేసి ఉంది. బ్లోయర్‌తో దుమ్ము కొట్టి, వైర్లు మార్చండి. పవర్ సప్లై మీద 115, 230 అని చిన్న స్విచ్ ఉంటే అది 230 వైపే ఉండాలి. 115 వైపు ఉంచి మన కరెంటు ఇస్తే ఒక్క చప్పుడుతో పోతుంది.

మానిటర్ జోలికి వెళ్లేముందు ఒక మాట, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ట్యూబు పక్కన రబ్బరు టోపీ కింద ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా ఆ చార్జి నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్ కడ్డీకి వైరు చుట్టి, రెండో కొసను ట్యూబు వెనక ఉండే అల్లిక వైరుకు బిగించి, ఆ తర్వాతే టోపీ కిందకు స్క్రూడ్రైవర్ దూర్చాలి. ఇంకో చెయ్యి జేబులో ఉండాలి. చార్జి నిలవ ఉంచుకునే మెయిన్ కండెన్సర్‌లో మూడు వందల వోల్టుల పైన నిలుస్తుంది, దానికి అరవై వాట్ల బల్బు తగిలించి ఖాళీ చేయండి. ఈ పని మీకు కొత్తయితే మానిటర్ వరకు పాత టీవీ మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. మానిటర్‌కు ముందున్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ బరువుగా ఉందని తీసి పారేయొద్దు. చాలా మానిటర్ల ఛాసిస్ నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది, మనకు అడ్డుగోడ ఆ ట్రాన్స్‌ఫార్మరే.

ఇప్పుడు మానిటర్, గేమ్ బోర్డు రెండూ విడదీసి, పవర్ సప్లై ఒక్కదాన్నే సీరీస్ బల్బు ద్వారా, అంటే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లేలా కలిపి, ఆన్ చేయండి. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు.

మాది షార్టు కాలేదు. బోర్డుకు వెళ్లే ఐదు వోల్టుల దగ్గర మీటరు 5.05 చూపించింది. బోర్డు కలిపి నేరుగా కరెంటు ఇస్తే తెర మీద పిచ్చి అక్షరాలు వచ్చి, రెండు సెకన్లకోసారి మొదటికి వస్తోంది. అంతకుముందు ఎవరో చూసి బోర్డు పోయిందని చెప్పారట. నేను మీటరు నల్ల ప్రోబ్‌ను, ఎర్ర ప్రోబ్‌ను బోర్డు మీదున్న ఐసీకే, అంటే చిప్ కాళ్లకే పెట్టాను. పద్నాలుగు కాళ్ల 74 సీరీస్ ఐసీ అయితే మామూలుగా 7వ కాలు గ్రౌండ్, 14వది ఐదు వోల్టులు. అక్కడ వచ్చింది 4.58! ఆ ఐసీలకు 4.75 కంటే తగ్గకూడదు. సప్లై దగ్గర ఉన్నది దారిలో ఎక్కడో పోతోందన్నమాట.

ఆ దారి బోర్డు అంచున గుచ్చే కనెక్టర్‌దే. 1985లో జపాన్ గేమ్ మిషన్ కంపెనీల సంఘం దానికి జామా అనే పద్ధతి పెట్టింది. అంచుకు ఒక వైపు 28, ఇంకో వైపు 28, మొత్తం 56 పిన్నులు. బోర్డు లాగి ఇంకోటి గుచ్చితే ఆట మారిపోతుంది. అందులో ఐదు వోల్టులకే నాలుగు పిన్నులు ఇచ్చారు, కరెంటు ఎక్కువ లాగుతుంది కాబట్టి. మా మిషన్‌లో ఎవరో ఒక్క పిన్నుకే సన్నటి వైరు వేశారు, అదీ నల్లగా మాడి ఉంది. బోర్డు నాలుగు ఆంపియర్లు లాగుతుంటే దారిలో 0.1 ఓమ్ ఉన్నా చాలు, 0.4 వోల్టులు అక్కడే పోతాయి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, పవర్ సప్లై మీదున్న ట్రిమ్మర్ (వోల్టేజీ సర్దే చిన్న స్క్రూ) తిప్పి ఐదున్నరకు పెంచడం. ఆట నడుస్తుంది, నిజమే. మాడిన పిన్ను ఇంకా మాడుతుంది, రేపు తక్కువ లాగే బోర్డు గుచ్చితే దాని ఐసీల మీద వోల్టేజీ ఎక్కువైపోతుంది. నేను రైలెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లి కొత్త కనెక్టర్ తెచ్చాను. ఐదు వోల్టులకు నాలుగు, గ్రౌండ్‌కు నాలుగు మందపాటి వైర్లు వేశాను. బోర్డు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. గరుకు కాగితం వాడొద్దు, పైనున్న బంగారు పూత లేచిపోతుంది. ఐసీ దగ్గర 4.98 వచ్చింది. మిషన్‌లోంచి ఆట పాట వినిపించినప్పుడు మా అక్క కొడుకు స్టూలు మీద నుంచి ఎగిరి దూకాడు.

వారం తిరక్కుండా బొమ్మ మధ్యలో ఒక్క అడ్డగీతగా మారింది. టీవీ పని తెలిసినవాళ్లకు ఇది పాత చుట్టం, బొమ్మను పైకీ కిందికీ పరిచే వర్టికల్ భాగం పోయినట్టు. వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించాలి, లేకపోతే ఆ గీత తెరలో కాలిపోతుంది. వర్టికల్ ఐసీ కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ ఉంది, అంటే అతుకు వదులైంది. మళ్లీ అంటించి, పక్కనున్న కండెన్సర్లు తీసి 105 డిగ్రీల వేడి తట్టుకునేవి వేశాను.

కాయిన్ పెట్టె పాత రూపాయికి, 25 మిల్లీమీటర్లదానికి సర్ది ఉంది. ఇప్పటి చిన్న రూపాయి దాన్లో నిలవదు. మేము కాయిన్ స్విచ్‌కు ఒక బటన్ పెట్టుకున్నాం.

జాయ్‌స్టిక్‌లోంచి తీసేసిన మైక్రోస్విచ్‌లలో (మీట నొక్కితే టక్కుమనే చిన్న స్విచ్‌లలో) ఒకటి బాగానే పలికింది. దాంతో మా పాప స్కూలు నాటకానికి మాంత్రికుడి దండం చేశాం. మీరూ చేయొచ్చు. అంగుళం పీవీసీ పైపు అడుగున, మీట కిందికి ఉండేలా స్విచ్ బిగించండి. దాని కామన్, ఎన్‌ఓ (నొక్కినప్పుడే కలిసే) కాళ్లు వాడితే దండం నేలకు ఆనినప్పుడు వెలుగుతుంది, ఎత్తితే ఆరుతుంది. మూడు పెన్సిల్ సెల్స్ కలిపితే 4.5 వోల్టులు. ఎర్ర ఎల్‌ఈడీ రెండు వోల్టులు తీసుకుంటుంది, మిగతా రెండున్నరను 150 ఓమ్‌ల రెసిస్టర్‌కు అప్పజెప్పండి, కరెంటు పదిహేడు మిల్లీఆంపియర్ల దగ్గర ఆగుతుంది. ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో రెసిస్టర్. పైన పింగ్‌పాంగ్ బంతికి చిల్లు పెట్టి తొడిగితే వెలుగు బంతి అంతటా పరుచుకుంటుంది. పిల్లల చేతిలో పెట్టేదానికి మెయిన్స్ కరెంటు అస్సలు వద్దు.

సెల్ పెట్టె చుట్టూ దూది గట్టిగా కుక్కండి. మొదటి రిహార్సల్‌లో మా దండం నేలకు కొట్టినప్పుడల్లా లోపల గలగలమని, పాప డైలాగు ఎవరికీ వినపడలేదు.