జపాన్‌లో కొత్తగా కాపురం: స్నానశాల, ఇజకాయ, చెర్రీపూల చాప

టోక్యోలో నిషి కసాయ్ చుట్టుపక్కల ఇల్లు దొరికితే పప్పు, బియ్యం, మనవాళ్ల కబుర్లకు లోటుండదు. అందుకే చాలామందికి మొదటి ఏడాది శని, ఆదివారాలన్నీ మన ఇళ్లలోనే గడిచిపోతాయి. ఆఫీసులో ఎవరైనా పిలిస్తే వెళ్లాలనే ఉంటుంది, ఎక్కడ ఏం తప్పు చేస్తామోనని జంకు. ఇక్కడ ఇబ్బంది భాషతో కన్నా వరుసతో వస్తుంది. ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తెలిస్తే పది జపనీస్ మాటలతో నెట్టుకురావచ్చు.

స్నానశాలతో మొదలుపెట్టండి. వీధిలో ఉండే మామూలు స్నానశాలను సెంతో అంటారు. నేలలోంచి వచ్చే నీళ్లయితే ఒన్సెన్. 1948 నాటి చట్టం ప్రకారం ఆ నీరు 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా చట్టం చెప్పిన ఖనిజాల్లో ఏదో ఒకటి తగినంతగా ఉండాలి. సెంతో రుసుము జిల్లాను బట్టి మారుతుంది. టోక్యోలో పెద్దలకు 2024 ఆగస్టులో 550 యెన్లు అయింది.

గుమ్మంలోనే చెప్పులు పెట్టెలో పెట్టి తాళం తీసుకోవాలి. తర్వాత డబ్బు కట్టి, తెర దాటి లోపలికి. నీలం తెర మగవాళ్లది, ఎరుపు ఆడవాళ్లది అని రంగులను నమ్ముకోకండి, అక్షరం చూడండి: పైన నాలుగు గళ్ల పెట్టె ఉన్నది మగవాళ్లది. సత్రాల్లో రాత్రి మగవాళ్లు వాడిన గదిని పొద్దున్నే ఆడవాళ్లకు మార్చేయడం మామూలే. నిన్న వెళ్లిన గదే కదా అని నిద్రమత్తులో దూరితే పెద్ద రభస అవుతుంది.

బట్టలన్నీ విప్పాలి. లోదుస్తులతో, ఈత దుస్తులతో లోపలికి రానివ్వరు. మనవాళ్లకు కష్టంగా తోచేది ఇదే. రెండు నిమిషాలు ఓర్చుకుంటే ఎవరూ ఎవరినీ చూడటం లేదని అర్థమవుతుంది. చిన్న తుండు ఒకటి అడ్డం పెట్టుకుని వెళ్లొచ్చు. ఫోను మాత్రం బట్టల గదిలోనూ బయటికి తీయకూడదు.

తొట్టి ఒళ్లు రుద్దుకునే చోటు కాదు. రుద్దుకోవడమంతా కుళాయిల దగ్గర, పీట మీద కూర్చుని చేయాలి. నిలబడి పోసుకుంటే పక్కవాళ్ల మీద చిందుతుంది. తలకు కొబ్బరినూనె రాసుకుని ఉంటే షాంపూతో జిడ్డు పూర్తిగా వదిలించండి, నీళ్ల మీద నూనె తెట్టు తేలితే తొట్టిలో ఉన్నవాళ్లందరికీ కనిపిస్తుంది. జుట్టు పొడుగ్గా ఉంటే ముడి వేసుకోవాలి. నురగంతా పోయాక పీట కడిగి, అప్పుడు తొట్టిలోకి. తుండు నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోవాలి. పాతకాలపు సెంతోలలో నీళ్లు 42 డిగ్రీలు దాటి కూడా ఉంటాయి. మొదటిసారి మూడు నాలుగు నిమిషాలు చాలు. ఎక్కువసేపు కూర్చుని ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. తాగి వెళ్లడం ప్రమాదం. బయటికొచ్చేటప్పుడు తుండు పిండి, ఒళ్లు తుడుచుకున్నాకే బట్టల గదిలో అడుగు పెట్టాలి. ఈ ఒక్కటి మర్చిపోయి నేల తడిపేవాళ్లే ఎక్కువ.

మనవాళ్లకే వర్తించే జాగ్రత్త ఇంకొకటి ఉంది. కుసాత్సు లాంటి గంధకపు ఊటల్లో వెండి నల్లబడుతుంది. మెట్టెలు, పట్టీలు, వెండి మొలతాడు ముందే తీసి పెట్టెలో దాచుకోండి. పచ్చబొట్టు ఉంటే చాలా ఒన్సెన్‌లలో రానివ్వరు. వీధి సెంతోలు సాధారణంగా పట్టించుకోవు, అయినా ముందు అడగడం మేలు.

ఇక ఇజకాయ, అంటే మందుతో పాటు చిన్న చిన్న వంటకాలు పెట్టే హోటలు. ఆఫీసు విందును నొమికాయ్ అంటారు, దాన్ని ఏర్పాటు చేసేవాడు కంజి. మాంసం, చేప తిననివాళ్లు కంజికి కనీసం వారం ముందు చెప్పాలి. తలకింత అని లెక్కగట్టి ముందే భోజనం చెప్పేస్తారు కాబట్టి అక్కడికెళ్లి చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. ఆఖరి రోజున రానంటే మీ వాటా డబ్బు పడే అవకాశం ఉంది.

‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే సరిపోదు. చేప ముక్క కనపడకపోతే శాకాహారమే అనుకునేవాళ్లు చాలామంది. మిసో సూపులో, ఉడికించిన కూరల్లో, నూడుల్స్ పులుసులో ఎండుచేప రసం కలుస్తుంది, దాన్నే దషి అంటారు. ఈ ముక్క బట్టీ పట్టండి: ‘నికు తో సకనా వ తబెమసెన్. కత్సుఒ దషి మొ దమె దెస్.’ మాంసం, చేప తినను, చేప రసం కూడా కుదరదని. చల్లని టోఫు మీద చేప పొరలు చల్లి తెస్తారు, ‘కత్సుఒబుషి నుకి దె’ అంటే అవి లేకుండా ఇస్తారు. ఉడికించిన పచ్చి సోయా కాయలు, టమాటా ముక్కలు, దోసకాయ చుట్టిన సుషి, బంగాళాదుంప వేపుడు దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. గొడ్డుమాంసం తిననివాళ్లకు ‘గ్యూనికు’, పందిమాంసం తిననివాళ్లకు ‘బుతనికు’ అన్న మాటలు తెలియాలి. ‘ఐబికి’ అంటే ఆ రెండూ కలిపిన ఖీమా.

కూర్చోగానే అడగకుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెడతారు. అది ఒతోషి, ఉచితం కాదు. బిల్లులో తలకు 300 నుంచి 500 యెన్లు పడుతుంది, కూర్చున్నందుకు రుసుము అనుకోండి. టిప్పు మాత్రం ఇవ్వక్కర్లేదు. బల్ల మీద వదిలేస్తే మర్చిపోయారని వెంటపడి తెచ్చిస్తారు.

ముందొచ్చిన గ్లాసు ముందే తాగేయకండి. అందరికీ వచ్చి ‘కంపాయ్’ అనేదాకా ఆగాలి. సీసా ఉంటే పక్కవాళ్ల గ్లాసులో మీరు పోస్తారు, మీ గ్లాసులో వాళ్లు పోస్తారు. తాగనివాళ్లు మొహమాటపడక్కర్లేదు, ఊలాంగ్ టీతోనూ కంపాయ్ చెప్పొచ్చు. ఎంగిలి పట్టింపు ఉంటే ‘తొరిబషి’ అని వడ్డన పుల్లలు (చాప్‌స్టిక్స్) అడగండి, అది తప్పుగా చూడరు. అన్నం గిన్నె ఎడమచేత్తో పట్టుకోవడం ఇక్కడ మర్యాద. పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చడం, ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ముక్క అందించడం రెండూ చావు కర్మల్లో చేసేవి, పొరపాటున కూడా వద్దు.

సాధారణంగా రెండు గంటల్లో బల్ల ఖాళీ చేయాలి. పానీయాలు లెక్కలేకుండా ఇచ్చే పద్ధతైతే, ముగియడానికి అరగంట ముందే ఆఖరి ఆర్డరు తీసుకుంటారు. ఆ తర్వాత మరోచోటికి వెళ్లేది నిజికాయ్, దానికి రానంటే ఎవరూ నొచ్చుకోరు. సైకిల్ మీద వచ్చి ఉంటే నడిపించుకుంటూ వెళ్లండి. 2024 నవంబరు నుంచి కొద్దిగా తాగి సైకిల్ తొక్కినా 3 ఏళ్ల వరకు జైలు లేదా 5 లక్షల యెన్ల వరకు జరిమానా.

టోక్యోలో చెర్రీపూలు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో విచ్చుకుంటాయి. మొదటి పూలు కనిపించిన వారానికి నిండుగా పూస్తాయి, గాలివాన వస్తే రెండు రోజుల్లో రాలిపోతాయి. ఆఫీసువాళ్లంతా చెట్ల కింద కూర్చుని పూలు చూస్తూ విందు చేసుకుంటారు. దానికి ఉయెనో పార్కులో పొద్దున్నే చాప పరిచి చోటు పట్టడం తరచు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ల పని. చాప మీదికి చెప్పులు విప్పే వెళ్లాలి. షింజుకు గ్యోఎన్ తోటలో మద్యం నిషేధం, సంచులు కూడా తనిఖీ చేస్తారు. సాయంత్రానికి వణికిస్తుంది, కోటు మరవద్దు. చెత్త మీ సంచిలో మీతోనే ఇంటికి వస్తుంది.

పెళ్లికి పిలుపొస్తే చదివింపులు తప్పవు. మనకు 116, 516 ఉన్నట్టే వీళ్లకూ ఓ లెక్క ఉంది, నోట్ల సంఖ్య బేసిగా ఉండాలి. స్నేహితులైతే మామూలుగా 30,000 యెన్లు, అంటే పదివేల కొత్త నోట్లు మూడు, ప్రత్యేకమైన కవరులో. చావుకు వెళ్లినప్పుడు కొత్త నోట్లు ఇవ్వరు, ఎదురుచూసి సిద్ధంగా ఉంచుకున్నట్టు ఉంటుందని.

సెలవుకు ఊరెళ్లి వస్తే ఆఫీసుకు ఏదైనా తేవాలి, అది ఒమియగె. తలకు ఒకటి చొప్పున, విడివిడిగా చుట్టినవి కావాలి, ఎందుకంటే సీట్లో లేనివాళ్లకు బల్ల మీద పెట్టి వెళ్తారు. పూతరేకులు అందంగానే ఉంటాయి కానీ కీబోర్డు నిండా పొడి రాలుతుంది, కాజాలేమో పాకం కారుస్తాయి. విడిగా కాగితం చుట్టిన జీడిపప్పు అచ్చులో, నువ్వుల చిక్కీలో నయం. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు మాత్రం తేకండి. విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.