డీవీడీ డ్రైవ్ చోట రెండో డిస్క్ పెట్టాను

పాత ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ ఎప్పుడు చూసినా నిండిపోయి ఎర్రగీతే. ఎందుకూ వాడని డీవీడీ డ్రైవ్ మీద కన్ను పడింది. దాన్ని తీసేసి, ఆ చోట క్యాడీ అనే ఫ్రేములో ఇంకో డిస్క్ పెట్టుకోవచ్చు. కొనేముందు మందం కొలవాలి. 12.7 మి.మీ., 9.5 మి.మీ. రకాలున్నాయి, ఒకటి బదులు ఇంకోటి కుదరదు.

హార్డ్‌డిస్క్ కన్నా వేగంగా పనిచేసే కొత్త ఎస్‌ఎస్‌డీలోకి అంతా క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు కాపీ చేసి), దాన్ని హార్డ్‌డిస్క్ చోట బిగించాను. పాత డిస్క్ క్యాడీలోకి వెళ్లింది. విండోస్ త్వరగా తెరుచుకోవాలంటే ఈ అమరికే మేలు. డీవీడీ డ్రైవ్ ముందుపట్టీ ఊడదీసి క్యాడీకి తగిలించాను, లేకపోతే పక్కన బోసిగా ఉంటుంది. ఆ సన్నటి ప్లాస్టిక్ కొక్కేలు విరుగుతాయేమోనని కాస్త టెన్షన్!

ఆన్ చేస్తే పాత డిస్క్ కనబడలేదు. క్లోన్ వల్ల రెండింటి గుర్తింపు సంఖ్యా ఒకటే కదా, విండోస్ దాన్ని ఆఫ్‌లైన్‌లో, అంటే వాడకుండా పక్కన పెట్టింది. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆన్‌లైన్ చేశాక ఫైళ్లన్నీ కనిపించాయి.