నాయకుడి కాగితాలను భద్రపరిచి ప్రజల ముందుకు తేవడం ఎలా?

రాజకీయ నాయకుడు పోయాక ఇంట్లో పెట్టెలకొద్దీ ఉత్తరాలు, డైరీలు, ప్రసంగాల చిత్తుప్రతులు మిగులుతాయి. ఇల్లు సర్దేవాళ్లు ముందుగా వాటిని ‘శుభ్రం’ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

మొదట, ఏ కాగితం ఏ బీరువాలో, ఏ ఫైల్లో ఉందో ఫొటోలు తీయండి. పెట్టెలకు నంబర్లు వేసి జాబితా రాయండి. తేదీల వారీగా పేర్చాలనిపిస్తుంది, పేర్చకండి. ఒక ఫిర్యాదు, దానికి అధికారి జవాబు, అంచున నాయకుడు గీసిన రెండు ముక్కలు ఒకే ఫైల్లో ఉంటేనే ఆ నిర్ణయం ఎలా జరిగిందో తెలుస్తుంది. విడదీస్తే అవి విడివిడి కాగితాలు, అంతే. పాత పత్రాలను భద్రపరిచే ఆర్కైవ్స్ వాళ్లు అసలు వరసను కదపనిది ఇందుకే.

‘ఇందులో ఏముందిలే’ అని పారేసేది ఎక్కువగా మామూలు జనం రాసిన అర్జీలనే. నాకైతే అన్నిటికన్నా విలువైనవి అవే. పెద్దల ఉత్తరాలకు నకళ్లు ఇంకోచోట దొరకొచ్చు, చేత్తో రాసిన అర్జీకి తరచుగా ఆ ఒక్క ప్రతే ఉంటుంది.

తర్వాత గుండుసూదులు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు మెల్లగా తీయండి. తుప్పు కాగితాన్ని తినేస్తుంది. ఆమ్లం లేని ఫోల్డర్లు వాడండి, గుర్తులు పెన్సిల్‌తోనే పెట్టండి. టేపు, లామినేషన్ వద్దు. గదిలో 20 డిగ్రీలకు మించని చల్లదనం, 35 నుంచి 50 శాతం తేమ ఉంటే మంచిది. తడిసిన కాగితాలను 48 గంటల్లోపు ఆరబెట్టకపోతే బూజు పడుతుంది.

ఆర్కైవ్స్‌కు ఇచ్చేటప్పుడు రాతపూర్వక ఒప్పందం ఉండాలి. వచ్చిన ఉత్తరం మీ దగ్గరున్నా, దాని కాపీరైట్ సాధారణంగా రాసినవారిదే. ప్రభుత్వ ఫైళ్లను వేరుగా చూపండి, అవి కుటుంబ ఆస్తి కాకపోవచ్చు. అమెరికాలో 1978 నాటి చట్టం అధ్యక్షుడి అధికారిక రికార్డులను ప్రజల ఆస్తి చేసింది.

ఇతరుల జబ్బులు, ఇంటి గుట్టు ఉన్న కాగితాలను కొన్నాళ్లు మూసి ఉంచొచ్చు. చింపొద్దు. కవర్లో పెట్టి, తెరిచే తేదీ పైన రాసి, తీసిన చోట ఒక చీటీ ఉంచండి. ‘కుటుంబం ఒప్పుకుంటే’ అనే షరతు మాత్రం పెట్టకండి. కొంతకాలానికి ఒప్పుకునేవాళ్లే మిగలరు.

స్కానింగ్‌కు ఏళ్లు పట్టొచ్చు. అది అయ్యేదాకా ఆగకుండా జాబితాను ముందే ఆన్‌లైన్‌లో పెట్టండి. మూసి ఉంచిన ఫైళ్లనూ తెరిచే తేదీతో సహా అందులో చూపండి. చదవాలనుకున్నవాళ్లు పెట్టె నంబరు చెప్పి అడుగుతారు.