డీప్ లెర్నింగ్ సొంతంగా నేర్చుకుందాం – 5వ పాఠం: నేర్చిన నెట్‌వర్క్‌కి మన పని అప్పగించడం

పోయిన పాఠంలో 28 × 28 సైజు అంకెల బొమ్మల మీద ఓ చిన్న కన్వల్యూషన్ నెట్‌వర్క్‌ని మొదటి నుంచి ట్రైన్ చేశాం. ట్రైనింగ్‌కి 60,000 బొమ్మలు సిద్ధంగా దొరికాయి కాబట్టి పని సాఫీగా సాగింది. మీకు నిజంగా కావాల్సిన పనికి అన్ని బొమ్మలు ఎవరూ ఇవ్వరు. మహా అయితే కొన్ని వందల ఫొటోలో, కొన్ని వందల మెసేజ్‌లో ఉంటాయి. వాటితో ఏమవుతుందిలే అనుకోకండి, చాలా అవుతుంది. ఈ ధారావాహికలో ఒక్క పాఠానికే టైముందని ఎవరైనా అంటే నేను ఇదే చదవమంటాను.

2012లో అలెక్స్‌నెట్ అనే నెట్‌వర్క్ ఇమేజ్‌నెట్ పోటీలో (ఫొటోలో ఏముందో గుర్తుపట్టే పోటీ) గెలిచింది. ట్రైనింగ్‌కి సుమారు 12 లక్షల ఫొటోలు, గుర్తుపట్టాల్సిన తరగతులు 1000. నెట్‌వర్క్ చెప్పే మొదటి ఐదు జవాబుల్లో సరైనది లేకపోతే తప్పు కింద లెక్క. ఆ లెక్కన రెండో స్థానంలో ఉన్నవాళ్లకి 26.2 శాతం తప్పులొస్తే దీనికి 15.3 శాతమే వచ్చాయి. అందరూ ఈ గెలుపు గురించే మాట్లాడుకుంటారు. మనకి పనికొచ్చేది మాత్రం ఆ తర్వాత బయటపడిన విషయం. ఇలా ట్రైన్ అయిన నెట్‌వర్క్ మొదటి పొరల్లో గీతలు, అంచులు, రంగు మారే చోట్లు పట్టుబడతాయి. మధ్య పొరల్లో నేత, మచ్చ, వంపు లాంటివి కనబడతాయి. ‘ఇది కుక్క’, ‘ఇది కుర్చీ’ అనే తీర్పు చివరి పొరది. అంచులూ మచ్చలూ కుక్కలకే కాదు, ఆకులకీ ఉంటాయి, ఎక్స్‌రేలకీ ఉంటాయి. కాబట్టి కింది పొరల్ని అలాగే ఉంచి చివరి పొర ఒక్కటి మార్చుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

మొదట చూపు

ఆకుల ఫొటోలు తీసుకుందాం. తరగతులు మూడు: బాగున్నవి, మచ్చలు పడ్డవి, పసుపెక్కినవి. తరగతికి 100 ఫొటోలు చాలు, మొదలుపెట్టొచ్చు. నెట్‌వర్క్‌గా ఇమేజ్‌నెట్ ఫొటోల మీద ముందే ట్రైన్ అయిన రెస్‌నెట్-18 తీసుకోండి. పేరున్న పెద్ద మోడల్స్ చాలా ఉన్నాయి గానీ నేర్చుకునేటప్పుడు చిన్నదే మేలు. తప్పు జరిగితే నిమిషాల్లో తెలిసిపోతుంది.

లోపల ఏం జరుగుతుందో ఒకసారి లెక్కగట్టి చూడండి. 224 × 224 సైజు ఫొటో ఒకటి లోపలికి వెళ్తుంది. చివరి పొర దగ్గరికి వచ్చేసరికి అది 512 సంఖ్యల వరసగా మారి ఉంటుంది. ఆ 512 నుంచి చివరి పొర 1000 తరగతులకి 1000 స్కోర్లు తీస్తుంది. మనకి మూడే కావాలి కాబట్టి ఆ పొర తీసేసి, 512 లోపలికి, 3 బయటికి వచ్చే కొత్త పొర పెడతాం. దానికి కావాల్సిన వెయిట్లు (ట్రైనింగ్‌లో సరిదిద్దే సంఖ్యలు) 512 × 3, పైన ఒక్కో తరగతికి ఒక బయస్ (స్కోరుకి కలిపే సంఖ్య), వెరసి 1,539. మిగతా నెట్‌వర్క్‌లో ఉన్న 1 కోటి 11 లక్షల పైచిలుకు వెయిట్లని ఫ్రీజ్ చేస్తాం, అంటే ట్రైనింగ్‌లో అవి కదలవు. 1,539 సంఖ్యలు సరిచెయ్యడానికి 300 ఫొటోలు చాలు. కోటి సంఖ్యలకైతే ఏ మూలకీ రావు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. ఈ మూడూ ఎర్రర్ మెసేజ్ రాకుండా పని చెడగొట్టే రకం కాబట్టి వివరంగా చెబుతున్నాను.

ఫొటోల్ని ఇమేజ్‌నెట్ కొలతకి తేవాలి. పిక్సెల్ విలువల్ని 0 నుంచి 1 మధ్యకి తెచ్చాక ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల నుంచి వరసగా 0.485, 0.456, 0.406 తీసేసి, 0.229, 0.224, 0.225 తో భాగించాలి. నెట్‌వర్క్ నేర్చుకున్నది ఆ కొలతల మీదే. ఇది మర్చిపోయినా ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, ఫలితాలు మాత్రం పడిపోతాయి.

రెండోది బ్యాచ్‌నార్మ్ పొరలు, అంటే లోపలి సంఖ్యల్ని వాటి సగటు చూసి ఒక కొలతకి తెచ్చేవి. వెయిట్లు ఫ్రీజ్ చేసినా, నెట్‌వర్క్ ట్రైనింగ్ మోడ్‌లో ఉంటే ఈ పొరలు తమ సగటుల్ని మీ ఫొటోలతో మార్చుకుంటూనే ఉంటాయి. చిన్న బ్యాచ్‌లతో (బ్యాచ్ అంటే ఒకేసారి లోపలికి ఇచ్చే ఫొటోల గుంపు) ఆ సగటులు గాడి తప్పుతాయి. ఫ్రీజ్ చేసిన భాగాన్ని ఇవాల్యుయేషన్ మోడ్‌లో పెట్టండి.

మూడోది మొదటి లాస్ విలువ. లాస్ అంటే జవాబులు ఎంత తప్పో కొలిచే సంఖ్య. ట్రైనింగ్ మొదలవగానే లాస్ ఎంత వచ్చిందో చూడండి. మూడు తరగతుల మధ్య ఏమీ తెలియని నెట్‌వర్క్ తలా మూడోవంతు నమ్మకం పంచుతుంది, అప్పుడు క్రాస్ ఎంట్రోపీ లాస్ (తరగతుల పనికి మామూలుగా వాడే లాస్) 3 కి సహజ లాగరిథమ్ అవుతుంది, అంటే సుమారు 1.1. అటూ ఇటూగా అంత వస్తే సరే. మొదట్లోనే 4 అనో 0.02 అనో వస్తే ట్రైనింగ్ ఆపేసి లేబుల్స్ చూడండి, తరగతుల సంఖ్య చూడండి. ఒక్క నిమిషం పని ఇది, గంటల టెన్షన్ తప్పిస్తుంది.

లెర్నింగ్ రేటు (ఒక్కో అడుగులో వెయిట్లు ఎంత కదలాలో చెప్పేది) 0.001 తో మొదలుపెట్టి కొన్ని ఎపాక్‌లు నడపండి, ఎపాక్ అంటే ట్రైనింగ్ ఫొటోలన్నీ ఒకసారి చూపించడం. వాలిడేషన్ ఫలితం (ట్రైనింగ్‌లో వాడకుండా పక్కన పెట్టిన ఫొటోల మీద వచ్చేది) పెరగడం ఆగాక చివరి ఒకటి రెండు బ్లాకుల్ని (పొరల గుంపుల్ని) ఫ్రీజ్ నుంచి విడిపించి, రేటు పదోవంతుకి తగ్గించి ఇంకాస్త నడపండి. దీన్నే ఫైన్‌ట్యూనింగ్ అంటారు. రేటు తగ్గించకపోతే లక్షల ఫొటోల మీద నేర్చుకున్నది మీ 300 ఫొటోల కోసం చెరిగిపోతుంది.

ఫొటోల్ని కొద్దికొద్దిగా మార్చి చూపించే పద్ధతి పోయిన పాఠంలో చూశాం. ఇక్కడ అది ఆలోచించి వాడాలి. ఆకుని అటు ఇటు తిప్పినా, తలకిందులు చేసినా దాని తరగతి మారదు. కానీ రంగులు మారిస్తే పసుపెక్కిన ఆకు పచ్చగా మారి, లేబుల్ మాత్రం పాతదే ఉంటుంది. ఏ మార్పు చేస్తే లేబుల్ మారదో మీకే తెలియాలి, లైబ్రరీకి తెలియదు.

విడగొట్టడం దగ్గరే అసలు పని

ఫొటోల్ని ట్రైనింగ్, వాలిడేషన్, టెస్ట్ అని మూడు భాగాలు చేస్తాం కదా, చాలామంది ఫొటోలన్నీ కలిపేసి గుడ్డిగా విడగొడతారు. ఒకే ఆకుని నాలుగు వైపుల నుంచి తీసి ఉంటే, రెండు ఫొటోలు ట్రైనింగ్‌లో, రెండు టెస్ట్‌లో పడతాయి. నెట్‌వర్క్ ఆ ఆకుని బట్టీ పట్టి టెస్ట్‌లో అప్పజెబుతుంది. 99 శాతం వచ్చిందని మీరు సంబరపడతారు. విడగొట్టాల్సింది ఫొటోల్ని కాదు, మొక్కల్ని. ఒక మొక్క ఫొటోలన్నీ ఒకే భాగంలో ఉండాలి. వీలైతే టెస్ట్ ఫొటోలు వేరే రోజు, వేరే కెమెరాతో తీసినవై ఉండాలి.

ఇది ఎంత దూరం పోతుందో చెప్పడానికి ప్లాంట్‌విలేజ్ డేటాను మించిన ఉదాహరణ లేదు. అందులో 54,306 ఆకుల ఫొటోలు, 38 తరగతులు. 2016లో అచ్చయిన ఓ పరిశోధనలో, విడిగా దాచిపెట్టిన ఫొటోల మీద 99.35 శాతం సరైన జవాబులొచ్చాయి. అదే పద్ధతిని వేరే చోట్ల నుంచి తెచ్చిన, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోల మీద ప్రయత్నిస్తే అది 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఈ సంగతి ఆ పరిశోధకులే తమ పత్రంలో రాశారు. ఆ రెండో సంఖ్య దాచకుండా రాసినందుకు వాళ్లంటే నాకు గౌరవం. మీ ప్రాజెక్టులోనూ ఆ రెండో సంఖ్య కోసమే వెతకండి.

మీ ఫొటోల్లో ఇంకో గుట్టు కూడా ఉండొచ్చు. బాగున్న ఆకుల్ని మొక్క మీదే తీసి, తెగులు పట్టినవి మాత్రం కోసి తెల్ల కాగితం మీద పెట్టి తీశారనుకోండి. నెట్‌వర్క్ ఆకుని చూడనే చూడదు, కాగితం ఉందా లేదా అని చూస్తుంది. పరీక్షించడం తేలిక: ఫొటోలో ఆకు ఉన్న భాగాన్ని బూడిదరంగుతో కప్పేసి నెట్‌వర్క్‌కి ఇవ్వండి. అప్పుడూ నమ్మకంగా ‘తెగులు’ అంటే అది దేన్ని చూసి చెబుతోందో మీకు అర్థమైపోతుంది.

ఇప్పుడు భాష

భాషలోనూ ఇదే ఎత్తుగడ. 2018లో గూగుల్ బెర్ట్ అనే భాషా నెట్‌వర్క్‌ని విడుదల చేసింది. వాక్యాల్లో 15 శాతం టోకెన్లని (మాటల్ని లేదా మాటల ముక్కల్ని) ఎంచుకుని, చుట్టూ ఉన్న మాటల్ని బట్టి అవేమిటో ఊహించమంటూ దాన్ని ట్రైన్ చేశారు. ఆ ఊహల కోసమే అది భాష పోకడ నేర్చుకుంది. ఎవరూ కూర్చుని లేబుల్స్ పెట్టలేదు. బేస్ సైజులో 12 పొరలు, ప్రతి టోకెన్‌కీ 768 సంఖ్యలు. వికీపీడియా నుంచి 104 భాషలు నేర్చిన రూపం కూడా ఉంది, అందులో తెలుగు ఉంది.

మనకొచ్చిన మెసేజ్‌లని ఫిర్యాదు, ప్రశ్న, మెచ్చుకోలు అని మూడుగా విడదియ్యాలనుకుందాం. పైన పెట్టే కొత్త పొరకి 768 × 3 + 3, అంటే 2,307 వెయిట్లు. ఇక్కడి వరకు ఆకుల పనిలాగే ఉంది. తేడా ఏమిటంటే, వాక్యం మొత్తానికి గుర్తుగా బెర్ట్ మొదట్లో పెట్టే టోకెన్ తాలూకు సంఖ్యలు ఫైన్‌ట్యూనింగ్ లేకుండా వాక్యం అర్థాన్ని సరిగా మొయ్యవు. అందుకని ఇక్కడ మామూలుగా నెట్‌వర్క్ మొత్తాన్నీ విడిపించి ట్రైన్ చేస్తారు, కాకపోతే చాలా మెల్లగా. లెర్నింగ్ రేటు 0.00002 నుంచి 0.00005 మధ్య, బ్యాచ్ 16 లేదా 32, ఎపాక్‌లు రెండు నుంచి నాలుగు. బెర్ట్ తయారుచేసినవాళ్లు సూచించిన విలువలే ఇవి, ఇప్పటికీ మంచి మొదలు.

తెలుగుతో పనిచేసేవాళ్లు ట్రైనింగ్ కంటే ముందు టోకెనైజర్ (వాక్యాన్ని టోకెన్లుగా కోసేది) దగ్గర ఆగాలి. బహుభాషల బెర్ట్‌లో కేస్డ్ (ఇంగ్లీషు పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా ఉంచేది), అన్‌కేస్డ్ (ఆ తేడా తీసేసేది) అని రెండు రకాలున్నాయి. మనకి ఆ పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు కదా, ఏదైతేనేం అనిపిస్తుంది. తేడా ఉంది. అన్‌కేస్డ్ రకం అక్షరాల మీది యాస గుర్తుల్ని (é మీది గీత లాంటివి) తీసేస్తుంది. యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలకి వాడే సంకేతాల పట్టిక) మన గుణింతాల్లో చాలావాటికీ, పొల్లుకీ ఆ గుర్తుల వర్గమే ఇచ్చారు, కాబట్టి అవీ కొట్టుకుపోతాయి. ‘నచ్చింది’ లోపలికెళ్లి ‘నచచంద’ అవుతుంది. ‘నచ్చలేదు’ కాస్తా ‘నచచలదు’ అవుతుంది. ఇదంతా చప్పుడు లేకుండా జరుగుతుంది. కేస్డ్ రకమే తీసుకోండి. ఏ మోడల్ తీసుకున్నా ఓ పది వాక్యాలు టోకెనైజర్‌కిచ్చి, ముక్కల్ని కళ్లతో చూశాకే ముందుకెళ్లండి. ఒక్కో మాట ఏడెనిమిది ముక్కలవుతుంటే, 512 టోకెన్ల హద్దు మీరనుకున్నదానికంటే చాలా ముందే వస్తుంది, పొడుగాటి మెసేజ్‌ల చివర తెగిపోతుంది. అసలు ఫిర్యాదు చాలాసార్లు మెసేజ్ చివర్లోనే ఉంటుంది.

చూపుకీ భాషకీ మధ్య గోడ ఇప్పుడు పెద్దగా లేదు. 2020లో వచ్చిన విజన్ ట్రాన్స్‌ఫార్మర్ 224 × 224 ఫొటోని ఒక్కోటి 16 × 16 పిక్సెల్స్ ఉండే ముక్కలుగా కోసి, ఆ 196 ముక్కల్ని వాక్యంలో మాటల్లా చదువుతుంది. కాబట్టి ఈ పాఠంలో నేర్చుకున్నది రెండు వైపులా అక్కరకొస్తుంది.

తప్పుల్ని చదవడం

ఒక్క శాతం చూసి తృప్తిపడకండి. వాలిడేషన్‌లో లాస్ ఎక్కువ వచ్చిన 30 ఉదాహరణల్ని వరసగా పెట్టుకుని ఒక్కొక్కటే చూడండి. కొన్నిచోట్ల తప్పు నెట్‌వర్క్‌ది కాదు, లేబుల్‌ది. పేరున్న పది డేటాసెట్ల టెస్ట్ భాగాల్ని 2021లో పరిశీలిస్తే సగటున కనీసం 3.3 శాతం లేబుల్స్ తప్పని తేలింది. మనం హడావిడిగా పెట్టిన లేబుల్స్ అంతకంటే నయంగా ఉంటాయని అనుకోలేం. ఇంకొన్ని నిజంగానే రెండు తరగతులకీ చెందుతాయి: ‘ఇంకా ఎన్నాళ్లు ఆగాలి?’ అన్న మెసేజ్ ప్రశ్నా, ఫిర్యాదా? ఇలాంటివి నెట్‌వర్క్‌కి వదిలెయ్యకూడదు, ముందు మీరే ఓ నియమం రాసుకుని లేబుల్స్ అన్నీ దానికి తగ్గట్టు సరిచెయ్యాలి. నా అనుభవంలో మోడల్ మార్చడం కంటే ఈ సవరణే ఎక్కువ మేలు చేస్తుంది.

అభ్యాసం

ఆకులో, మెసేజ్‌లో, మీకు ఆసక్తి ఉన్నది ఎంచుకుని తరగతికి 100 ఉదాహరణలు పోగెయ్యండి. ముందు వాటిని గుడ్డిగా విడగొట్టి ట్రైన్ చేసి ఫలితం రాసుకోండి. తర్వాత మొక్కల వారీగా, లేదా మెసేజ్ పంపిన మనిషి వారీగా విడగొట్టి, మళ్లీ మొదటి నుంచి ట్రైన్ చెయ్యండి. రెండు సంఖ్యలూ పక్కపక్కన పెట్టండి. తర్వాత లాస్ ఎక్కువున్న 30 ఉదాహరణల్ని చూసి, ఒక్కోదాని పక్కన కారణం రెండు మూడు మాటల్లో రాయండి: లేబుల్ తప్పు, ఫొటో మసక, రెండు తరగతులకీ చెందేది, అసలు కారణం తెలియదు. ‘కారణం తెలియదు’ అని రాసినవాటిని విడిగా ఓ ఫోల్డర్‌లో దాచండి. ఆరో పాఠంలో, నెట్‌వర్క్ ఫొటోలో ఏ భాగం చూసి జవాబు చెప్పిందో బయటికి తీసే పద్ధతిని ముందు వాటి మీదే వాడతాం.